సోమవారం సంచి, శుక్రవారం ముద్ర

జనగామ నుంచి మహబూబాబాద్‌కు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్తాను. ఆ రోజుల్లో కిటికీ బయట ఏముందో నాకు తెలియదు. ఫోన్లో ఒకే పేజీ తెరిచి కూర్చునేదాన్ని. జర్మనీలో నర్సుగా చేసే మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. తోడుండడానికి అమ్మ రేగొండ నుంచి వెళ్లింది. ఆ వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండనిస్తారు. అంతకుముందు శ్రీమంతానికి వెళ్లొచ్చిన రోజులూ అందులో కలుస్తాయి. ఇంకా ఎన్ని మిగిలాయో ఆ పేజీ లెక్కగట్టి చెప్పేది. డాక్టరు చెప్పిన తేదీ దాటాక కూడా రెండు రోజులు మిగులుతాయంది. అయినా మనసు నిలవదే! చూసిందే మళ్లీ చూసేదాన్ని.

"అక్కా, గా లెక్క మారదు. ఊకె ఏం జూస్తవ్?" అని చెల్లెలు నవ్వేది.

మారింది. ఒక పొద్దున తెరిస్తే రంగులు వేరు, గడులు వేరు, నేను నింపినవన్నీ మాయం. పేజీని కొత్తగా మార్చామని, పాస్‌పోర్టు మీది ముద్రలు చూసి తేదీలు మళ్లీ నింపమని రాసి ఉంది. బాగున్నదాన్ని బాగుచేయమని వీళ్లనెవరడిగారు? తిట్టుకుంటూనే ముద్రల ఫోటో తెప్పించాను. మొదటిసారి అమ్మ అక్కడి నుంచి బయలుదేరింది సోమవారమని నింపుకున్నాం. ముద్ర శుక్రవారానిది. వెంటనే ఫోన్ చేశాను.

"సోమవారం అన్నవు కదనే!" అని చెల్లెలి మీద అరిచాను.

"అమ్మనే అన్నదక్కా. శుక్రవారం ఆడమనిషి ఇల్లు కదలొద్దని, సోమవారమే సంచి తీస్కపోయి పక్కింట్ల ప్రస్థానం పెట్టింది గద!"

మా ఇళ్లలో అంతే. ప్రయాణం నాడు మంచిరోజు కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసి సంచి పొరుగింట్లో పెడతారు. ఇక అప్పుడే బయలుదేరినట్టు. ఎవరడిగినా ఆ రోజే చెబుతారు. విమానాశ్రయంలో ముద్ర కొట్టేవాడికి అదేం పట్టింది? తేదీ సరిచేస్తే, డాక్టరు చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే అమ్మ ఆ దేశం దాటాలని పేజీ ఎర్రగా చూపించింది.

చెల్లెలు అక్కడి వీసా ఆఫీసులో అడిగితే పొడిగించడం కుదరదన్నారు. చెల్లెలు ఒకటే ఏడుపు. నాలుగు రోజులు ఎక్కువుంటే ఏం కొంప మునుగుతుంది, ఉండమనే నేనూ అన్నాను. అమ్మ వినలేదు.

"మల్ల రానియ్యకపోతే పసిగుడ్డు మొఖం ఎన్నడు సూడాలె? ఇప్పుడు పోయి మల్లొస్త."

ఈసారి మంచిరోజు ఊసెత్తలేదు. దొరికిన టికెట్టుకే ఎక్కేసింది.

శంషాబాద్‌ నుంచి అమ్మను కార్లో తీసుకొస్తుంటే, జనగామ చేరకముందే చెల్లెలి భర్త, మా మరిది ఫోన్. కాన్పయింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. అమ్మ విమానంలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయట. నాకు సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పాప ఫోటో పంపాడు, చూడమని చూపించబోయాను. అమ్మ నా చెయ్యి పక్కకు నెట్టింది.

"ఆగు బిడ్డా. నొప్పులల్ల నా బిడ్డ చెయ్యి ఎవరు పట్టుకున్నరో గది అడుగు ముందు."

అడిగాను.

"నేను పట్టుకుంటనంటే ఇయ్యలే వదినా," అన్నాడు మరిది. "అమ్మా అమ్మా అనుకుంట మంచం కడ్డీనే పట్టుకున్నది."

ఫోన్ స్పీకర్లో ఉంది.