జపాను మా మోకాళ్ళకు చేసిన మర్యాద

తెనాలిలో జపాను వంటల హోటలు తెరిచారని ఫోన్లో చెప్పగానే, నా స్నేహితురాలు ఆ ఆదివారమే రేపల్లె నుంచి బయల్దేరి వచ్చేసింది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పే రోజుల్లో, వరి మీద ఏదో శిక్షణ కోసం తనను రెండు వారాలు జపాను పంపారు. ఉద్యోగం నుంచి రిటైరయి చాలా కాలమైంది గానీ, జపాను నుంచి మాత్రం తను ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కాలవలో ఎవరైనా చెత్త పారేస్తే జపాను గుర్తొస్తుంది. మా వంటింటి గట్టు మీద కాఫీ మరక కనిపించినా జపానే.

"వీళ్ళకేం తెలుసే ఆ వంటలు? పద, నేను చూసి చెబుతా," అంది రైలు దిగుతూనే.

మొన్నమొన్నటిదాకా చీరల కొట్టు నడిచిన మేడ అది. పైన కాగితపు లాంతర్లు కట్టారు గానీ, చీర భుజాన వేసుకుని చూసుకునే నిలువుటద్దాలు తియ్యలేదు. యజమాని ఎదురొచ్చాడు. భార్యాభర్తలిద్దరే నడుపుతున్నారట.

"చెప్పులు ఇక్కడ విడవండమ్మా. మన దగ్గర అంతా అక్కడి పద్ధతేనండి, కిందే కూర్చోవాలి," అన్నాడు గర్వంగా.

చిన్నప్పుడు మా ఇంట్లో అందరం పీటల మీదే తినేవాళ్ళం. అది మోటుగా ఉందని పోరుపెట్టి, మా వీధిలో అందరికన్నా ముందు డైనింగ్ టేబుల్ కొనిపించింది నేనే. ఇప్పుడు కింద కూర్చుని తినడానికి ఆటో ఎక్కి మరీ వచ్చాను, అదీ డాక్టరు వద్దన్నాక.

"అక్కడ పండు ముసలమ్మలు కూడా ఇలాగే కూర్చుంటారు," అంది తను.

ఆ మాటయ్యాక ఇక కుర్చీ అడగడానికి నాకు నోరు రాలేదు. నేను గోడ పట్టుకుని, తను నా భుజం పట్టుకుని, ఎలాగో మెత్తల మీదికి చేరాం.

ముందు చప్పటి చారు వచ్చింది. తర్వాత నల్లటి సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముక్కలు, లోపల కీరదోస. మా ఇంట్లో అన్నం అంత ముద్దయితే ఎసరు ఎక్కువ పోశానని మావారు విసుక్కుంటారు. ఇక్కడ దాన్నే వరసగా పేర్చి, పక్కన పువ్వు పెట్టారు. నేను చేత్తో తినేశాను. తను పుల్లలు పట్టుకుని ఒక ముక్కను పళ్ళెమంతా తరిమింది.

ఈవిడ జపాను వెళ్ళొచ్చిందని యజమానితో నోరు జారాను.

"ముందే చెప్పకూడదాండీ! అక్కడి రుచి వచ్చిందాండి, మేడమ్?"

తను కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. "దాదాపు వచ్చింది. నాచు ఇంకాస్త మెత్తగా ఉండాలి."

"కరకరలాడాలని నేర్పారండి మాకు," అని నసిగి, "మీరు చూసొచ్చారు కదా, అలాగే చేస్తానండి," అన్నాడు. పాపం, నిజంగానే నమ్మాడు.

కాసేపటికి తన ముఖం మారింది.

"నా కాలు లేదే."

"ఏంటి?"

"తిమ్మిరెక్కింది. ఉందో లేదో తెలియట్లేదు."

లేవబోయి బల్ల పట్టుకుంది. ముక్కలు ముంచుకోమని గిన్నెలో ఇచ్చిన నల్లటి పులుసంతా తన చీర మీద పడింది. సాయం చెయ్యబోతే నేనూ లేవలేనని అప్పుడు తెలిసింది. "కదలకండి పిన్నిగారూ!" అంటూ యజమాని పరుగెత్తుకొచ్చాడు. వంటగదిలోంచి భార్య కూడా వచ్చింది. ఇద్దరూ మమ్మల్ని చెరో పక్కా పట్టి లేపి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకున్నాం, పెళ్ళి బఫేలో లాగా. అది చూసి, అవతలి బల్ల దగ్గరి పెద్దాయన, "మాకూ కుర్చీలెయ్యి బాబూ," అన్నాడు, ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నట్టు.

"మరి అక్కడెలా కూర్చున్నావే?" అని అడిగాను.

తను గొంతు తగ్గించింది. "స్టూలు వేశారు."

"తిండి?"

"గదిలోనే. అటుకులూ ఆవకాయా."

"మరి ఇదీ?"

"ఇదే మొదటిసారి." యజమాని వినలేదు కదా అని ఒకసారి అటు చూసి, ఇంకో ముక్క చేత్తోనే తీసుకుంది. "బాగుందే! అక్కడ తినాల్సింది."

ఆ మాటలో నటన లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో జాలీ వేసింది. ఇంకో పళ్ళెం తెమ్మన్నాం.

తిని, మెట్లు దిగి, స్టేషన్ చేరేసరికి రేపల్లె బండి వెళ్ళిపోయింది. తను వాళ్ళాయనకు ఫోన్ చేసి, రైలు లేటని చెప్పింది.