దసరా పందేనికి బిగించిన టర్బో

మా బావ కాలు ఏనాడూ బరువెక్కలేదు. బరువెక్కిందన్న మాట పుట్టించిన నోరు నాది.

డెబ్బైల్లో గోదావరిఖని పక్కనున్న ఓపెన్ కాస్టు గనిలో మా అక్క భర్త డంపరు నడిపేవాడు. నేను అదే గని వర్క్‌షాపులో ఫిట్టరును. ఆయన పాడుచేసింది నేను బాగుచేస్తాననీ, నేను పాడుచేసింది ఆయన ఎలాగో నడిపిస్తాడనీ అందరూ మమ్మల్ని ఆటపట్టించేవారు. మేమూ నవ్వేవాళ్లం.

ఆయుధ పూజనాడు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. యంత్రాలన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక ఖాళీ డంపర్లకు పందెం పెట్టేవాళ్లు. వర్క్‌షాపు గేటు నుంచి బొగ్గు యార్డు దాకా చదునైన దారి. రెండేసి బండ్లు పోటీ పడేవి. గని ఆఫీసరు దొరలు చూసీ చూడనట్టు ప్రసాదం తింటూ కూర్చునేవారు. గెలిచిన బండికి పెద్ద బంతిపూల దండ, అది ఎండి రాలేదాకా తీయకూడదు. ఓడినదాని ముందు పచ్చగడ్డి మోపు వేసేవారు, ముసలి ఎద్దుకు వేసినట్టు. వరుసగా రెండేళ్లు మా బావ బండి ముందు గడ్డి పడింది. ఆయన ఆ మోపును నవ్వుతూ ఎత్తి పక్కింటి బర్రెకు వేశాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. గడ్డి వేసింది నా పనితనానికేనని నా ఏడుపు.

మూడో ఏడు నేను ఊరుకోలేదు. వర్క్‌షాపు వెనక, పనికిరాదని పక్కన పెట్టిన పెద్ద యంత్రం ఒకటుండేది. దాని టర్బో మాత్రం చెక్కుచెదరలేదు. టర్బో అంటే పెద్ద విద్యేమీ కాదు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలి కొడుతుంది. మా బావ బండి టర్బో చిన్నది. పొగ బయటికి పోయే దారి ఇరుకు కావడంతో ఇంజను జోరుగా తిరిగినప్పుడు ఉక్కిరిబిక్కిరయ్యేది. పెద్దది పెడితే పొగకు అడ్డు తగ్గి, బండి దూసుకుపోతుందని నా లెక్క. ఇనుప పలకకు రంధ్రాలు చేసి, ఆ పెద్దదాన్ని ఈ చిన్న ఇంజనుకు కూర్చాను. సైలెన్సరు కూడా పీకి నిలువు గొట్టం పెట్టాను.

ఆ రోజు బండి గర్జించింది. ఖాళీ బండి, చదును దారి, బావ ముందే ఇంజనును ఊపందుకోనిచ్చాడు. అవతలి డంపరు సగం దారిలో ఉండగానే మాది యార్డు చేరింది. దండ వేసేటప్పుడు బావ నన్ను కూడా బండి ఎక్కించాడు. నా జీవితంలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు, అది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు అసహ్యంగా ఉంది.

మర్నాడే సైలెన్సరు బిగించేశాను, పాత టర్బో కూడా తిరిగి పెట్టాలి. పెట్టలేదు. పాతది విప్పినప్పుడు అతుకు మధ్య వేసే గ్యాస్కెట్ చిరిగింది, స్టోరులో కొత్తది లేదు. వచ్చాక చేద్దామనుకున్నాను. దండ ఇంకా ఎండలేదుగా అని కూడా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత బావ వర్క్‌షాపుకు వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, పాతది పెట్టినవా?"

"పెట్టిన బావా."

"మరి లోడు మీద, ఎత్తుల ఆగి లేస్తే జర సేపు దమ్ము తీస్కుంటుందేంది?"

"దమ్ము బండిది గాదు, నీ కాలే బరువైంది. పండుగ యాటకూర ఇంకా దిగలే."

ఆయన పగలబడి నవ్వి, నా వీపు మీద ఒకటి చరిచి వెళ్లిపోయాడు.

నేను కమ్మరోళ్ల ఇంట పుట్టినవాణ్ని. చిన్న కొలిమికి పెద్ద తిత్తి కట్టకూడదని మా నాయన దగ్గర చిన్నప్పుడే చూశాను. మెల్లగా తిరిగే ఇంజను వదిలే కాస్త పొగ అంత పెద్ద చక్రాన్ని వెంటనే కదపలేదు, గాలి అందేదాకా బండి గుంజదు. నేను తీసేసిన ఆ ఇరుకు దారే పొగను జోరుగా తోసి చక్రాన్ని చటుక్కున తిప్పేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ గ్యాస్కెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

కార్తీకంలో ఒక పొద్దున, మొదటి షిఫ్టు. బావ నిండు లోడుతో ర్యాంపు ఎక్కుతున్నాడు. ముందరి డంపరు ఆగితే ఆయనా ఆగాడు. అది కదిలాక బ్రేకు వదిలి తొక్కాడు. ఇంజను నల్లటి పొగ కక్కింది తప్ప గుంజలేదు. బండి వెనక్కి జారింది, మళ్లీ బ్రేకు తొక్కినా అంత లోడు ఆగలేదు. కింద ఇంకో డంపరు వస్తోంది. దాని మీద పడకుండా బావ మట్టికట్ట వైపు తిప్పాడు, బండి పక్కకు ఒరిగిపోయింది. ఆయన తుంటి ఎముక విరిగింది.

ఆయన దవాఖానలో ఉండగా, బండిని వర్క్‌షాపుకు లాక్కొచ్చారు. పక్క గని స్టోరుకు పోయి గ్యాస్కెట్ అడిగి తెచ్చాను. ఒక్క పూటలో పాత టర్బో బిగించేశాను. అంత సులువైన పని అది.

ఎంక్వైరీలో బండి ఎట్లా ఉండెనని నన్నడిగారు. మంచిగనే ఉండె సార్ అన్నాను. బావను దవాఖాన మంచం మీదే అడిగితే, "నా కాలే బరువైంది సార్. టైముకు తొక్కలే" అన్నాడు. అదే రాసుకున్నారు.

చంకల కింద కర్రలతో నడవగలిగిన రోజు ఆయన మొదట వచ్చింది వర్క్‌షాపుకే. ఇంజను చూపించమన్నాడు. నేను మూత తీసి చూపించాను. ఆయన ఆ చిన్న టర్బోను వేలితో తడిమి, తల ఊపి వెళ్లాడు.

డ్రైవింగు పోయింది. గేటు దగ్గర బండ్లను లోపలికి వదిలే పని ఇచ్చారు. రోజంతా డంపర్లు ఆయన ముందు నుంచే పోయేవి. కొన్నేళ్లకు కొత్త డ్రైవర్లకు నేర్పమని అడిగితే ససేమిరా అన్నాడు. "కాలు మీద కాబూ లేనోడు ఎవనికేం నేర్పుతడు" అనేవాడు, తన కాలి మీద తనకే అదుపు లేదని. నువ్వైనా నచ్చజెప్పురా అని అక్క నన్ను పిలిపించింది.

ఎండాకాలం మధ్యాహ్నం, వాళ్ల క్వార్టరు వాకిట్లో చెప్పేశాను. పెద్ద టర్బో సంగతి, గ్యాస్కెట్ సంగతి, పెట్టానని అబద్ధమాడిన సంగతి, అన్నీ. బావ తిడతాడనుకున్నాను, కర్రతో కొడతాడనీ అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను ఫికర్ చెయ్యొద్దని గిట్ల చెప్తున్నవ్. నాకు తెల్వదా?"

"కాదు బావా, నిజం."

"నా కండ్లతోని చూసిన గదరా. బండి మీద పాతదే ఉండె. నువ్వే మూత తీసి చూపిచ్చినవ్."

ఒట్టు వేశాను. ఆయన దవాఖానలో ఉన్నప్పుడే పెద్దది తీసి పాతది పెట్టానని చెప్పాను. ఆయన నవ్వాడు, ప్రమాదం తర్వాత నేను చూడని నవ్వు. ఇంట్లోకి చూసి కేకేశాడు.

"ఇంటున్నవా? నీ తమ్ముడు నా తప్పు గుంజి నెత్తికేస్కుంటుండు. గిసొంటి మనిషి యాడ దొరుకుతడు?"

అక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చి, నా ముందు పళ్లెం పెట్టి, వద్దంటున్నా ఇంకో జొన్నరొట్టె వేసింది. బావ నా వైపే ప్రేమగా చూస్తున్నాడు. నేను తిన్నాను.