ఉల్టా తిరిగిన జడ

"అమ్మ పోయింది అక్కా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది, గంతే," అని షేక్‌పేట నుంచి ఫోను చేసింది మా పాత ఇంటి ఓనరమ్మ కూతురు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గొంతు వినడం. నేను "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే నా కంట్లో చుక్క నీరు లేదు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద. ఆ మర్యాద నాకూ తెలుసు గానీ, ఈవిడ విషయంలో పాటించలేను. పాటిస్తే ముందుగా నవ్వేది ఆవిడే. ఆవిడంటే నాకు పడదు, నేనంటే ఆవిడకు పడదు. ఒకే గోడకి అటూ ఇటూ మూడేళ్లున్నాం కాబట్టి ఈ సంగతి ఇద్దరికీ బాగా తెలుసు.

మావారు సినిమాల్లో దుస్తులు చూసే అసిస్టెంటు. కంపెనీలు ఒక్కొక్కటే మద్రాసు వదిలి ఇక్కడికి చేరుతున్న రోజుల్లో, ఎనభైల మధ్యలో, మేమూ రెండు ట్రంకు పెట్టెలతో దిగాం. ఫిల్మ్‌నగర్‌కి నడిచిపోయేంత దూరంలో, షేక్‌పేటలో ఆవిడ ఇంట్లో ముందు గదీ చిన్న వంటిల్లూ కిరాయికి దొరికాయి. ఆవిడ ఆడపిల్లల బడిలో కుట్లు, అల్లికల టీచరుగా చేసి రిటైరైన మనిషి. బడి వదిలింది గానీ బెత్తం వదల్లేదు. కుళాయి తిప్పితే లోపల్నుంచి అరుపు. తలుపు చప్పుడైతే అరుపు. మా గుమ్మంలో చెప్పులు వంకరగా ఉంటే కాలితో సరిచేసి మరీ వెళ్లేది. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఓ మద్రాసామె" అనేది. మాది తెనాలి దగ్గరండీ, మద్రాసులో ఉన్నది నాలుగేళ్లే అని ఎన్నిసార్లు చెప్పినా, "గాడికెల్లే వచ్చినవ్ గదా" అని కొట్టిపారేసేది.

నేనేం తక్కువ తినలేదు. ఆవిడ యాసని మావారి ముందు అనుకరించి నవ్వించేదాన్ని. ఒకసారి ఆవిడ గిన్నెడు పచ్చిపులుసు పంపితే, మరిగించని పులుసేమిటని రుచైనా చూడకుండా తూములో పారబోశాను. తలెత్తి చూస్తే కిటికీలో ఆవిడ. మళ్లీ ఎప్పుడూ ఏదీ పంపలేదు.

అయినా ఆదివారాలు మాత్రం వెళ్లి, ఆవిడ గద్దె అనే ఆ ఇంటి అరుగు మీదే కూర్చునేదాన్ని. మావారు షూటింగుల్లో ఉండేవారు, ఊళ్లో నాకు తెలిసినవాళ్లు లేరు. చలి పోయి ఎండలు ఇంకా ముదరని ఫాల్గుణంలో ఆవిడ ఇంటి ముందు వేప కింద స్వెటర్ల కాలం మొదలయ్యేది. అదేమిటి, చలి పోయాక స్వెటర్లేమిటి అని నేనడిగితే, "చలి వచ్చినంక ఉన్ని పట్టేటోడు, ఆకలైనంక నాట్లేసేటోడు ఒక్కటే" అంది. ఇంకో నెల పోతే చేతి చెమటకి ఉన్ని జిగటవుతుంది, అందుకని ఆ ఏడెనిమిది ఆదివారాలే అల్లికకి అనువు. వీధిలోని ముగ్గురు నలుగురు ఆడవాళ్లు వచ్చేవారు. వేపపూత ఒళ్లో రాలుతుంటే, వేయించిన పల్లీలు నములుతూ, ఏ తొందరా లేకుండా పొద్దు వాలేదాకా అల్లేవాళ్లం. జూబ్లీహిల్స్‌లో బంగళాల కోసం బండలు పేల్చేవారు. ధన్‌మని వినబడగానే మేమంతా ఉలిక్కిపడి కుట్లు జార్చుకునేవాళ్లం. ఆవిడ సూదులు మాత్రం ఆగేవి కావు. ఆ ఆదివారాలు బాగుండేవని ఒప్పుకోవడానికి నాకిప్పటికీ ఒళ్లు మంట.

ఎందుకంటే ఆవిడ నేర్పే పద్ధతి అలాంటిది. తప్పు కనబడితే చాలు, చేతిలోంచి లాక్కుని, సూది పీకేసి సర్రున ఊడదీసేది. వారం రోజుల పని అర నిమిషంలో ఉండయ్యేది. నా మొదటి మఫ్లరు ఆరుసార్లు విప్పింది. "తప్పు దాచిపెడితే పెరుగుతది. ఊడదీస్తే మల్ల దారమైతది," అనేది. ఆ మాట బాగానే ఉంటుంది, విప్పేది మన మఫ్లరు కానంతవరకు.

మూడో ఏడు ఫాల్గుణంలో మావారి కంపెనీకి ఒక పాట కోసం రెండు స్వెటర్లు కావలసి వచ్చాయి. ఊటీలో పాట, పాటలో వాన. హీరోయిన్ ఒంటి మీద ఒకటి తడిస్తే రెండోది తొడగాలి. కాబట్టి రెండూ అచ్చు ఒకేలా ఉండాలి. చేత్తో అల్లినవే కావాలి, ముందూ వెనకా జడల్లా మెలికలు తిరిగే డిజైను ఉండాలి. ఇంట్లో అల్లేవాళ్లున్నారని మావారు మాట ఇచ్చేశారు. మాట నిలబడితే తర్వాతి సినిమాకి ఆయనే స్వయంగా దుస్తులు చూసుకోవచ్చు. ఒకటి ఆవిడ, ఒకటి నేను, ఒకే ఉన్నితో మొదలుపెట్టాం. మా ఇంటి భవిష్యత్తు నా సూదుల మీద ఉందనుకుని వేళ్లు కాయలు కాచేలా అల్లాను. అంత పెద్ద పని నేనెప్పుడూ చేయలేదు.

మావారి ప్రయాణానికి తొమ్మిది రోజులుందనగా, ఆదివారం, ఆవిడ రెండూ గద్దె మీద పక్కపక్కన పరిచింది. ఆవిడది బిగువుగా, రవ్వంత వంక లేకుండా ఉంది. నాది చేతి వదులు వల్ల అటూ ఇటూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువుంది. అది చాలనట్టు వెనక వైపు, ఎడమ నుంచి మూడో జడ నడుముకి జానెడు పైన ఒక్కచోట ఎదురు మెలిక తిరిగింది.

"గిదేంది? గీ జడ ఉల్టా తిరిగింది. ఊడదీయాలె," అంది అందరి ముందూ.

"నేను ఊడదీయనండీ. చచ్చినా తీయను," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"రెండు తీర్ల అల్లికలు ఒక్క మనిషికెట్ల తొడుగుతరు? నువ్వు తియ్యకుంటే నేను తీస్త."

స్వెటరుని ఆవిడ ఒళ్లోకి విసిరేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. చప్పుడయ్యేలాగే వేశాను.

మంగళవారం పొద్దున పెరట్లోకి వెళ్తే, బట్టల తీగ మీద మెరూన్ రంగు ఉన్ని పోగుల కట్టలు వేలాడుతున్నాయి. విప్పిన ఉన్ని వంకర్లు తిరిగి ఉంటుంది, తడిపి, కింద బరువు కట్టి ఆరేస్తే గానీ సాగదు. ఆవిడ రోకలిబండ కట్టింది. నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నెలరోజుల నా కష్టం తీగ మీద నూడుల్సులా వేలాడుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు. ఆవిడ చీపురు పట్టుకుని ఎదురొచ్చింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయింది కూడా.

చెప్పనివ్వలేదు. "మీకు ఊడదీయడం తప్ప ఏం వచ్చు? మీ కూతురి కాపురం కూడా మీరే ఊడదీసుంటారు," అన్నాను.

ఆ అమ్మాయి అత్తవారింటి నుంచి వచ్చేసి అప్పటికి ఏడాది. వంటింట్లోనే ఉంది. ఓనరమ్మ తెరిచిన నోరు మూసుకుంది. చీపురు గోడకి ఆనించి లోపలికెళ్లిపోయింది. అంతే, తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు.

తొమ్మిదో రోజున మావారి చేతికి గుడ్డలో చుట్టి కుట్టేసిన మూట ఇచ్చింది. "ఇండ్ల రెండున్నయ్. తడవనియ్యకు," అని ఆయనతోనే అంది. ఊటీ నుంచి తిరిగొచ్చి ఆయన ఒకటే పొగడ్త. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయట, ఎవరూ తేడా పట్టలేకపోయారట. ఉంటాయి మరి, రెండూ ఆవిడే అల్లితే అనుకున్నాను. నా వేలు పడిన పోగు ఒక్కటీ మిగల్చలేదని కక్ష పెంచుకున్నాను. ఆ వేసవిలోనే ఇల్లు మారి శ్రీనగర్ కాలనీకొచ్చేశాం. ఆ సినిమా వంద రోజులాడితే ఒక్కరోజూ వెళ్లలేదు. టీవీలో వస్తే కట్టేశాను. మావారికి అనుకున్నట్టే పెద్ద పని దొరికింది. దానికీ ఆవిడకి ఋణపడ్డానని అనుకోలేదు.

ఫోను వచ్చిన మూడో నాడు, లోకం కోసం, షేక్‌పేట వెళ్లాను. వేప అలాగే ఉంది. గద్దె మీద ఎవరో చాప పరిచారు. వచ్చినవాళ్లంతా ఆవిడ ఎంత మంచిదో చెప్పుకుంటున్నారు. నాకు చిరాకేసి, కూతురితో పక్కకెళ్లి అనేశాను, "నాతో మాత్రం మంచిగా లేదమ్మా. నా స్వెటరు విప్పేసింది."

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"నీది ముట్టలే అక్కా. ఇప్పింది తనది."

నాకు అర్థం కాలేదు.

"'గా పిల్ల ఏడ్చింది, దానిది ఇప్పితే మల్ల సూది పట్టది' అన్నది అమ్మ. తనది మొత్తం ఇప్పి, నీ దాన్ని ముందట పెట్టుకొని, నీ లెక్కనే వదులుగ అల్లింది. గా ఉల్టా జడ కాడికొచ్చి ఆగింది. రెండు దినాలు తంటాలు పడ్డది. తప్పు అల్లనీకె చెయ్యి ఒప్పుకుంటలేదు అని తననే తను తిట్టుకున్నది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా? ఒక్క మాట చెబితే ఏం పోయింది ఆవిడకి?" కోపంగానే అడిగాను. ఇప్పటికీ కోపమే.

"నువ్వు గా మాట అన్నంక ఎట్ల చెప్తది? నేను గూడ విన్న అక్కా."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. "నన్ను క్షమించమ్మా" అని చేయి పట్టుకున్నాను. ఆ అమ్మాయి చేయి వెనక్కి తీసుకోలేదు. "చాయ్ తాగుతవా?" అంది. తాగాను. తల్లికి చెప్పవలసిన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు మావారిని వేధించి, ఫిల్మ్‌నగర్‌లో కంపెనీ దుస్తులు దాచే గోడౌన్ తెరిపించాను. నాలుగో ట్రంకులో, జరీ లంగాల అడుగున, కలరా ఉండల వాసనేస్తూ దొరికాయి. నేల మీద కూలబడి రెండూ ఒళ్లో బోర్లా పరిచాను. ఎడమ నుంచి మూడో జడ. నడుముకి జానెడు పైన. రెండింటిలోనూ ఉల్టాగా తిరిగి ఉంది. నా వదులు చెయ్యి రెండింటిలోనూ ఉంది. నా మొదటి మఫ్లరు ఆరుసార్లు విప్పిన మనిషి, నా తప్పుని పోగు తేడా లేకుండా అల్లి పంపింది.

రెండింటిలో నేను అల్లింది ఏదో కనుక్కుందామనుకున్నాను. కుట్లు లెక్కపెట్టాను, అంచులు తడిమాను, స్వెటర్ల చేతులు తిరగేసి లోపలి ముడులు చూశాను. మావారు తాళం కప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎంతసేపే?" అంటున్నారు. నేను మళ్లీ మొదటి కుట్టు నుంచి లెక్కపెడుతున్నాను.