ఆషాఢంలో దౌడు

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చున్న భీమవరం అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న ఉలవచారు డబ్బా మూత తీయగానే, కాస్త మట్టి, కాస్త పొగ, కాస్త చెమట కలిసినట్టుండే ఆ చిక్కటి వాసన ఏసీ చల్లదనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముక్కుకు తగిలింది. "మా అమ్మ పంపించిందండీ, ఒక్క ముద్ద తినండి" అంది ఆ పిల్ల ఎంతో ఆపేక్షగా. నాకేమో అది తిండి వాసన కాదు, గుర్రం వాసన. ఆ మాట పైకి అంటే బాధపడుతుందేమోనని నోరు మూసుకుని తిన్నాను. రుచిగానే ఉంది. కానీ ఆ తర్వాత మీటింగులో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క తలకెక్కితే ఒట్టు. మనసు పోయి పోయి పాతికేళ్ల వెనకటి పుప్పాలగూడలో, మా నాయనమ్మ పొయ్యి దగ్గర చతికిలబడింది.

పుప్పాలగూడ అంటే ఇప్పటివాళ్లకు లిఫ్టులూ, వాచ్‌మన్లూ, పార్కింగు గొడవలూ గుర్తొస్తాయి గానీ అప్పుడది అచ్చంగా ఊరు. వెనక ఏనుగులంత బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఆ పక్కన ద్రాక్షతోటల పందిళ్లు, వాన పడితే చెప్పును ఊడబెరుక్కుని పోయే మట్టిదారులు. తెల్లవారుతుండగానే నాయనమ్మ మసిబారిన పెద్ద గిన్నెలో ఉలవలు ఉడకేసేది. పైన తేరిన కట్టుతో మాకు చారు, కింద మిగిలిన గుగ్గిళ్లు మోతికి. మోతి మా చిన్నాయన యాదగిరి సాకే తెల్ల గుర్రం, ఆడది. తాత కాలంలో మాకు జట్కాబండి ఉండేదట, ఆటోలొచ్చి అది మూలకు పడ్డాక చిన్నాయన పెళ్లి బారాత్‌లకు గుర్రం పెట్టుకున్నాడు. గుగ్గిళ్ల బకెట్టు మోతి ముందు పెట్టే పని నాది. పెట్టేముందు అందులోంచి గుప్పెడు తీసి గౌను జేబులో పోసుకుని బడి దాకా నములుతూ పోయేదాన్ని, అందుకని బడిలో నన్ను 'గుర్రంపిల్ల' అనేవాళ్లు. అది తిట్టో మెచ్చుకోలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

చిన్నాయన పని చూస్తుంటే భలే ఉండేది. పుట్టి బుద్ధెరిగాక గుర్రాన్ని ముట్టుకోని పెళ్లికొడుకును స్టూలు వేసి ఎక్కించి, బాషింగం సర్ది, రెండే రెండు నిమిషాల్లో నాలుగు మాటలు చెప్పేవాడు. జీను ముందున్న పిడి గట్టిగా పట్టుకో, నడుము కట్టెలాగా పెట్టు, కాళ్లు బిగించు, కిందికి చూడకు. అంతే. ఇక బ్యాండు మోగుతున్నా, పటాకులు పేలుతున్నా, బావమరుదులు రోడ్డుకు అడ్డంగా పడి ఎగురుతున్నా, తాను పగ్గం పట్టుకుని ముందు నడుస్తూ పెళ్లికొడుకును ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర దింపేవాడు. "నా చేతుల మీదికెల్లి ఒక్క పెండ్లికొడుకు గూడ కింద వడలే" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. అది నిజమే.

కానీ ఓ పెళ్లిలో ఎవడో సరదాకు విసిరిన టపాకాయ మోతి తోకను కాల్చింది. అప్పటి నుంచి ఆయనకు బారాత్ పేరెత్తితేనే మనసు విరిగిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్లగండ్ల వైపు పొలాల మధ్య గుర్రపు స్వారీ నేర్పే క్లబ్బు ఒకటి మొదలైంది. దాన్ని నడిపే మూర్తిగారిది కాకినాడ, సైన్యంలో చేసి రిటైరైన పెద్దమనిషి. నేర్పేవాళ్లు కావాలని విని చిన్నాయన వెళ్లి అడిగితే, "గుర్రాన్ని చూసుకోవడం మీకు కొత్త కాదు యాదగిరిగారూ, నేర్పడం వేరండి" అన్నారట. "ఒక పిల్లకి నేర్పి తీసుకురండి. క్యాంటర్ మీద, చేతులు వదిలేసి, ఒక్క చుట్టు నిలకడగా కూర్చుంటే చాలు. మర్నాటి నుంచి మీరు మాస్టారే." క్యాంటర్ అంటే గుర్రం ఊగుతూ లంఘిస్తూ పోయే పరుగు, మా ఇంట్లో దాన్ని దౌడు అనేవాళ్లం. ఆ పూట అన్నం తింటూ చిన్నాయన ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ 'యాదగిరిగారూ' దగ్గర ఆగి అందరి మొహాలూ చూశాడు. అంతవరకూ ఆయనను గారూ అన్నవాళ్లు లేరు మరి. ఆయన పిల్లలు ఇంకా చంకలో వాళ్లు, వాడకట్టులో మగపిల్లలు మోతి తల విదిలిస్తేనే పరుగు తీసేవాళ్లు. మిగిలింది పదకొండేళ్ల నేను.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక మోతికి నెల్లాళ్లు సెలవు. శ్రావణం వచ్చిందంటే మళ్లీ బ్యాండూ టపాకాయలూ. కాబట్టి ఏం నేర్చుకున్నా ఆ నెలలోనే. ఎడతెగని ముసురు, గుమ్మం పక్కన నిప్పుల మీద కాలుతున్న మక్కకంకులు, నాయనమ్మ గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి, అరచేతుల్లో ఎర్రగా పండిన గోరింటాకు, ఆ చేతులతో నేను జీను పిడి పట్టుకుని మోతి మీద. అమ్మ లబోదిబోమంది. "ఆడపిల్లకు గుర్రమేంది? కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవలకు జెప్పుకోవాలె?" నాయనమ్మ మాత్రం "గుర్రం ఉలవలు తిన్ననాడు లేని తప్పు, ఎక్కంగనే అచ్చిందా?" అని కొట్టిపారేసింది.

నడక రెండు రోజుల్లో వచ్చింది. దానికేం, పెళ్లికొడుకుకు చెప్పినవే నాకూ చెప్పాడు, నేనూ పెళ్లికొడుకులాగే మొహం పెట్టుకుని కూర్చున్నాను. కష్టమంతా దౌడుతో వచ్చింది. చిన్నాయన పగ్గం పట్టుకుని లుంగీ ఎగగట్టి బండల వెనక చదునులో మోతి పక్కన పరుగెత్తేవాడు, మోతి పదడుగులు నడిచి, పదడుగులు కుదుపు నడకతో గునిసి, ఉన్నట్టుండి ముందుకాళ్లు లేపి తేలేది. అంతే, నా కింద జీను ఒక పక్కకు, నేనొక పక్కకు. ఎంత బిగించి పట్టుకుంటే అంత ఎత్తుకు ఎగిరిపడేదాన్ని. పళ్లు టకటకా కొట్టుకునేవి, తొడలు ఒరుసుకుపోయి స్నానం చేస్తుంటే ప్రాణం పోయేది. "ఇంక గట్టిగ వట్టు" అనేవాడు చిన్నాయన ఒగరుస్తూ. ఇంకా గట్టిగా పట్టేదాన్ని. ఇంకా ఎగిరేదాన్ని.

ఆదివారం ఆదివారం క్లబ్బుకు తీసుకుపోయేవాడు. అక్కడ గుండ్రంగా కట్టిన కంచెలో మూర్తిగారు పొడుగాటి తాడుతో మోతిని చుట్టూ తిప్పుతూ పూర్తిగా తిరగేసి చెప్పేవారు. "పిడి వదిలెయ్యమ్మా. నడుము వదులుగా పెట్టు. మోకాళ్లు బిగిస్తే గుర్రమే నిన్ను విసిరేస్తుంది. తకిట తకిట అని మనసులో అనుకో, దానితోపాటు ఊగు." ఎవరి మాట వినాలి? ఒకాయన కాకినాడలో పుట్టి సైన్యం గుర్రాలు తిప్పినవాడు, ఒకాయన నన్ను భుజాల మీద మోసి బోనాలు చూపించినవాడు. ఇంటికొస్తూ చిన్నాయననే అడిగాను. ఆయన మోతి పగ్గం చెయ్యి మార్చుకుని, "సార్ జెప్పిందే జెయ్యి బిడ్డా. గని నేను జెప్పింది మర్వకు" అన్నాడు. ఆ రెండూ ఒకే ఒంటితో ఎట్లా చేయాలో నాకు బోధపడక ఆ వారమంతా నిద్రలో కూడా ఒక చెయ్యి పిడికిలి బిగించి, ఒక చెయ్యి తెరిచి పడుకున్నానట, అమ్మ చెప్పేది.

మోతి కష్టం మోతిది. దానికి డప్పు వినపడితే ఆగి ఆడటమే తెలుసు, బారాత్‌ల్లో అదే నేర్పారు మరి. బోనాలకు మూడు రోజుల ముందు, నేను మొదటిసారి నాలుగు గంతులు పడకుండా కూర్చున్న సంతోషంలో ఉండగా, ఊళ్లో ఎవరో డప్పు కాగబెట్టి చూసుకున్నారు. మోతి ఠక్కున ఆగి, మెడ వంచి, కాళ్లు మార్చి మార్చి ఆట అందుకుంది. నేను మాత్రం ఆగకుండా దాని మెడ మీదుగా వెళ్లి బురదలో కూర్చున్నాను. చిన్నాయన పరుగెత్తుకొచ్చి ముందు నా మోచేతులు చూశాడు, తర్వాత మోతి కాళ్లు చూశాడు, ఆ తర్వాత దోవ పక్క బండ మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. "పరేషాన్ గాకు చిన్నాయనా, మల్ల ఎక్కుత" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది గానీ ఆయన ముందు ఏడవడానికి మనసొప్పలేదు. పిల్లనైనా ఒక్క సంగతి అర్థమైంది, నేను ఆ చుట్టు కూర్చోలేకపోతే ఆయన మళ్లీ టపాకాయల మధ్యకే పోవాలి.

ఆషాఢం చివరి ఆదివారం పరీక్ష. వాన వెలిసింది, కంచెలో ఇసుక తడిగా ఉంది. నేను క్లబ్బు వాళ్లిచ్చిన పెద్ద టోపీ సర్దుకుంటుంటే మూర్తిగారూ చిన్నాయనా కంచె అవతల ఏదో మాట్లాడుకున్నారు. నేను ఎక్కాను. నడక, గునుపు, ఆ తర్వాత మోతి తేలింది. అలవాటుగా పిడి పట్టేశాను, అలవాటుగా ఎగిరిపడ్డాను, ఒక పక్క రికాబు కాలి నుంచి జారిపోయింది. "వదిలెయ్యమ్మా!" అని ఇటు నుంచి, "ఇడువకు బిడ్డా!" అని అటు నుంచి, ఇద్దరూ ఒక్కసారే అరిచారు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. మీ ఇష్టమొచ్చినట్టు చావండి అనుకున్నాను, పైకే అన్నానేమో కూడా. ఆ కోపంలో ఉగ్గబట్టిన ఊపిరి బయటికి పోయింది, నడుము కూలబడ్డట్టు దిగింది, చేతులు ఎప్పుడు వదిలానో తెలియదు, చూసేసరికి రెండూ గాలిలో ఉన్నాయి. జీను కొట్టడం మానేసింది. కంచె కర్రలు ఒకటొకటిగా మెల్లగా వెనక్కి పోతున్నాయి, కింద మోతి వెన్ను లేస్తోంది, దిగుతోంది, నేనూ లేస్తున్నాను, దిగుతున్నాను. ఒక చుట్టు అనుకున్నది రెండు చుట్లు అయింది.

దిగగానే మూర్తిగారు వచ్చి భుజం తట్టి, "ఇంత బాగా కూర్చున్నావు, ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. ఆయన నవ్వుతూ అడిగిన మాటే. చిన్నాయన పక్కనే ఉన్నాడు, మోతి మెడ నిమురుతూ. నేను నిజంగానే ఆలోచించాను. మూర్తిగారు చెప్పింది కావాలని చేయలేదు, చిన్నాయన చెప్పింది చేస్తే పడబోయాను. ఒగరుస్తూ, బుద్ధి లేకుండా, "ఎవ్వలు నేర్పలే" అన్నాను.

మర్నాడు చిన్నాయన క్లబ్బులో పనికి చేరాడు. మాస్టరుగా కాదు, గుర్రాలు కడిగి, మేత వేసి, జీన్లు కట్టే మనిషిగా. బారాత్‌ల బాధ తప్పింది, మోతినీ అక్కడికే తోలుకుపోయాడు, అది ముసలిదై పోయేదాకా అక్కడే ఉంది. కానీ ఆయనను అక్కడి పిల్లలందరూ యాదగిరీ అని పిలిచేవాళ్లు. నన్ను ఆయన ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. నేను మళ్లీ గుర్రమెక్కలేదు, ఎక్కమని ఎవరూ అడగనూ లేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇన్నేళ్లలో ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. నేను చెప్పింది అబద్ధమా, నిజమా? నిజమైతే ఎందుకు ఇంత తప్పు చేసినట్టుంది?

ఉలవచారు తిన్నాక వచ్చిన ఆదివారం ఇక ఆగలేక చిన్నాయన ఇంటికి వెళ్లాను. ఇప్పుడు కొడుకుతో నల్లగండ్లలో ఆరో అంతస్తులో ఉంటున్నాడు. మా బండలను పేల్చి కంకర చేశారు, ద్రాక్షతోటల చోట మా ఆఫీసులాంటివే నాలుగు అద్దాల మేడలు లేచాయి, క్లబ్బు ఉన్న జాగాలో కార్లు నిలబెడుతున్నారు, గుర్రపు లద్దె వాసన అంటే మా పిల్లలకు ఎట్లా చెప్పాలో తెలియదు. చిన్నాయన బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మోకాళ్లు పట్టేశాయి. చాయ్ తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, కక్కేశాను. "చిన్నాయనా, ఆ దినం సార్ అడిగితే నీ పేరు జెప్పకపోతి. నా నోటి వల్లనే నీ మాస్టరు నౌకరి పోయింది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "గది ఇన్నొద్దులు మనసుల వెట్టుకున్నవా? నువ్వు ఎక్కకముందే అయిపోయింది గా ముచ్చట. సార్ ముందుగాల నన్నే ఎక్కుమన్నడు. ఒక్క చుట్టు మీరు జూపియ్యుండ్రి అన్నడు. నేను కాదంటి. మాస్టరు పని గప్పుడే పోయింది."

"ఎందుకు?"

"నాకు రాదు గదా బిడ్డా."

నాకు ముందు అర్థం కాలేదు. తాత జట్కా తోలాడు, ఈయన పుట్టింది గుర్రాల మధ్య.

"జట్కా తోలినం. బారాత్‌ల ముందల నడిచిన. దౌడు మీద ఎన్నడన్న కూసున్ననా? నీకు జెప్పినయన్ని పెండ్లికొడుకులకు జెప్పేటియే. జెప్తే నువ్వెక్కవని జెప్పలే." అని లోపలికి తొంగి చూశాడు. కోడలు వంటింట్లో ఉంది. ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "ఎట్లుంటది బిడ్డా, చేతులిడిసినంక?"

"ముందు బుగులైతది, పడిపోతనేమోనని" అన్నాను.

"ఇంక?"

"ఇంక... ఇంకేం గాదు. అదే మోసుకపోతది."

చిన్నాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్న రెండు చేతులనూ ఒకటొకటిగా తీసి గాలిలో పెట్టి, నా మొహం వైపు చూశాడు. "గిట్లనా?"

"నడుము జర వదులు జెయ్యి చిన్నాయనా" అన్నాను.