క్షమాపణ లేని మాట

దయ్యాలు లేవని నేను ఇప్పటికీ అంటాను. సైతాను, నరకం అన్నీ మనిషిని లొంగదీసుకోవడానికి అల్లిన కథలేనని ఏళ్ల తరబడి సభల్లో వాదించినవాణ్ణి. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. జరిగింది కనుక రాస్తున్నాను.

మా పిన్ని కూతురు సునీత, ఆమె భర్త దానియేలు హెబ్బగోడిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటారు. ఇద్దరూ విశ్వాసులు. ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడ ఎవరికీ అర్థంకాని అన్యభాషలో పలుకుతుంటే, నైట్ డ్యూటీ చేసి వచ్చిన దానియేలు విసుక్కుని, ఆమెలో ఉన్నది పరిశుద్ధాత్మ కాదు, దయ్యం అన్నాడు. ఆత్మను దూషించినవాడికి ఈ లోకంలోనూ పైలోకంలోనూ క్షమాపణ లేదని పక్కవాళ్లు గుర్తుచేశారు.

అప్పటినుంచి తన నోటిని తానే గుద్దుకోవడం మొదలుపెట్టాడు. ముందు పళ్లు ఊడాయి. కటింగ్ ప్లయర్‌తో నాలుక పట్టి పీక్కోబోతే సునీత లాక్కుని నాకు ఫోన్ చేసింది. ఆస్పత్రికి రానంటున్నాడు, చచ్చిపోతాడని భయంగా ఉందంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. బైబిలే తెరిచి వాదించాను. యేసు చేసిన మేలు కళ్లారా చూసి కూడా, కావాలని, అది దయ్యాల అధిపతి పని అన్నవాళ్లకు చెప్పిన మాట ఇది, నోరు జారినవాడికి కాదన్నాను. భయపడుతున్నావంటేనే నువ్వు ఆ పాపం చెయ్యలేదన్నాను. వినలేదు. చివరికి అతనన్న మాటే నేనూ గట్టిగా అని, చూడు, నాకేమైందని అడిగాను.

“నీకేం పోతాది బావా? నువ్వు నమ్మవు గదా,” అని పిడికిలి ఎత్తాడు.

రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాను. అప్పుడు చెంపదెబ్బ చప్పుడైంది. అతని తల విసురుగా పక్కకు తిరిగింది. పెదవి చీలింది. మళ్లీ పడింది. కనుబొమ పగిలి నెత్తురు నా చొక్కా మీద చిందింది. అతని మణికట్లు నా గుప్పిట్లోనే ఉన్నాయి. సునీత తలుపు దగ్గర ఉంది. గదిలో మరెవరూ లేరు.

ఆమె వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. “ఆయమ్మలో ఉండేది దయ్యమేనని నేనూ అంటాండా. తెలిసే అంటాండా. ఈయప్పకు లేని క్షమాపణ నాకొద్దు.”

ఆమె నరకాన్ని నమ్ముతుంది. నమ్ముతూనే అంది. ఆమె మీద పడబోయే దెబ్బ కోసం నా ఒళ్లు బిగుసుకుంది. పడలేదు. దానియేలు నన్ను విదిలించుకుని రెండు చేతులతో ఆమె నోరు మూశాడు. ఏడుస్తూనే ఆస్పత్రికి వచ్చాడు.

డాక్టరు అతని చెంప మీద వేళ్ల గుర్తులు చూసి, నా చేతుల వంక చూస్తూ, ఎవరు కొట్టారని అడిగాడు. ఉన్మాదంలో ఒంటి మీద గుర్తులు తేలడం గురించి తర్వాత చాలా చదివాను. ఆ చప్పుడు గురించి ఎక్కడా లేదు.

దానియేలు మళ్లీ పనికి వెళ్తున్నాడు. సునీత కూటానికి వెళ్తుంది, పాటలు పాడుతుంది. పాపక్షమాపణకు గుర్తుగా పంచే రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే మాత్రం ముట్టకుండా పక్కవాళ్లకు అందిస్తుంది. ఆ దెబ్బలు ఎవరివో, ఆమె మాటతో ఎందుకు ఆగాయో నాకు తెలియదు.