జిగురు లాడం

శామీర్‌పేట గుర్రాల ఫారంలో ముప్పై ఏళ్లుగా లాడాలు కొట్టిన మా తాత మొగులయ్యకు 2004లో కడుపుమంట పట్టుకుంది. పందేల గుర్రం రాణి గిట్టలు పెళుసెక్కి మేకులు నిలవడం లేదని, జిగురుతో లాడాలు అంటించే నాగసాయిని యజమాని పిలిపించాడు.

"గుర్రానికి లాడమేస్తున్నవా, గోడకు పోస్టరేస్తున్నవా?" అన్నాడు తాత.

జిగురు గట్టిపడేదాకా కాలు కదలకూడదు. రాణి మాత్రం నాగసాయిని రెండుసార్లు తన్నింది. తాత మీసాల్లో నవ్వుకున్నాడు.

"కాస్త మీరు పట్టుకోండి తాతగారూ" అని నాగసాయి బతిమాలాడు.

తాత గొణుక్కుంటూనే కాలు పట్టుకున్నాడు. రాణి పసిపిల్లలా ఊరుకుంది. జిగురు ఆరాక కాలు దించితే, కుంటకుండా నాగసాయి వెంట నడిచిపోయింది.

"నా చేతిల ఎన్నడన్న గిట్ల నడిచినవానే, దొంగదానా?" అన్న తాత, మూడు రోజులు దానితో మాట్లాడలేదు.