వెనక్కి పరిగెత్తిన గడ్డికోత బండి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పిల్లిని పులి చేసి చెప్పే రకం. తొంభైల్లో గన్నవరం దగ్గర ఒక కాలేజీ మైదానం చూసుకునేవాణ్ణి. ఆటల పోటీలు రేపనగా, ఎక్కి నడిపే గడ్డికోత బండి ఇంజను పోయింది. గడ్డేమో ఏనుగు దాక్కునేంత ఎత్తు. కోయకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు ప్రిన్సిపాల్ గారు.

మెకానిక్ మస్తాన్ గారు పొలంలో నీళ్లు తోడే ఇంజను తెచ్చి, హడావుడిలో వెనకాముందూ మార్చి బిగించారు. నేనెక్కి గేరు వేయగానే బండి వెనక్కి దూసుకెళ్లింది, నేరుగా పని చూడ్డానికి వచ్చి నిలబడ్డ ప్రిన్సిపాల్ గారి మీదికి!

“బ్రేకు తొక్కండి!” అని మస్తాన్ గారి కేక.

“ఎక్కడుందండీ అది?”

ప్రిన్సిపాల్ గారు ఆరడుగుల గోడ దూకేశారు. మస్తాన్ గారు పరిగెత్తుకొచ్చి ఇంజను ఆపి, “కంగారెందుకండీ? రైసు మిల్లులోలా బెల్టు మెలేసి తగిలిస్తే చక్రం ఎదురు తిరిగి బండి ముందుకే పోద్ది” అన్నారు. అలాగే పోయింది. సాయంత్రానికి మైదానం నున్నగా తయారైంది, నా ఉద్యోగం నిలిచింది.

గోడ సంగతి నా కల్పన. దూకింది నేను, బండి మీంచి. ఆ మాట మస్తాన్ గారు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆయనకు దండం పెట్టి నేనే చెబుతున్నాను.